ముందు గాలి సంగతి తేల్చండి

తాగే నీళ్లలో సీసం ఎంతుందో ఇంట్లోనే చెప్పగల చిన్న పరికరం తయారుచేయాలన్న ఆలోచన మీకు వచ్చిందంటే దాన్ని వదలకండి. దాని అవసరం మీ ఇంటి దగ్గరే ఉంది. మాదాపూర్, కొండాపూర్, నానక్‌రాంగూడ అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఒకే సంపులోకి మున్సిపల్ నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వచ్చి కలుస్తాయి. ఏ రోజు ఏ నీళ్లు ఎన్ని పాళ్లో వాచ్‌మన్‌కు కూడా తెలియదు. మన చేతిలో ఉండే టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక్క అంకె చూపిస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము కంటే చిన్న తేడా దానికి ఆనదు. సీసానికి మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అంటే ఆ మీటరు చూపగల అతి చిన్న తేడాలో నూరో వంతు. కాడ్మియం హద్దు ఇంకా తక్కువ, 0.003. మీటరు 150 చూపించింది కాబట్టి నీళ్లు మంచివేననుకుంటే, సీసం గురించి మనకు ఏమీ తెలియనట్టే.

ఇంత తక్కువ లోహాన్ని బల్ల మీద పట్టేంత పరికరంతో పసిగట్టే పద్ధతి ఉంది. పేరు స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీ. చిన్న ఎలక్ట్రోడ్‌ను నీటిలో ఉంచి రుణ వోల్టేజి ఇస్తే, లోహ అయాన్లు ఎలక్ట్రాన్లు అందుకుని దాని మీద లోహంగా పేరుకుంటాయి. రెండు మూడు నిమిషాలు అలా పోగుచేశాక వోల్టేజిని మెల్లగా ధన దిశకు తెస్తారు. అప్పుడు ఒక్కో లోహం తనదైన వోల్టేజి దగ్గర ఎలక్ట్రోడ్‌ను విడిచి మళ్లీ నీటిలో కలుస్తుంది. గ్రాఫులో అక్కడ ఒక పీక్ లేస్తుంది. పాదరసపు పొర మీద, పీహెచ్‌ను నిలకడగా ఉంచే అసిటేట్ బఫర్‌లో, సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి చూస్తే జింకు సుమారు మైనస్ 1.0 వోల్టు దగ్గర, కాడ్మియం మైనస్ 0.6 దగ్గర, సీసం మైనస్ 0.4 దగ్గర కనిపిస్తాయి. పీక్ ఎక్కడుందో చూస్తే ఏ లోహమో తెలుస్తుంది, ఎత్తు చూస్తే ఎంతో తెలుస్తుంది.

ఈ పనిలో మీకు కొత్త కానివి చాలా ఉన్నాయి. ఎలక్ట్రోడ్ వోల్టేజిని అదుపుచేసి కరెంటును కొలిచే పొటెన్షియోస్టాట్ చిప్పులు అరచేతి బోర్డు మీద దొరుకుతున్నాయి. కోడ్ మీరు రాయగలరు, యాప్ మీరు చేయగలరు. పెట్టెకు, సర్క్యూట్‌కు నమూనా తీయడానికి రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ ఉంది. ఇవన్నీ సమకూరాక కూడా మొదటి గ్రాఫు నిరాశపరుస్తుంది. సీసం పీక్ ఉండాల్సిన చోట పెద్ద వాలు, దాని మీద గుర్తుపట్టలేనంత చిన్న బుడిపె కనిపిస్తాయి. అది సర్క్యూట్ లోపం కాదు. నీటిలో కరిగివున్న ఆక్సిజన్ కూడా అదే ఎలక్ట్రోడ్ దగ్గర ఎలక్ట్రాన్లు అందుకుంటోంది.

లెక్క చూడండి. గాలి తగులుతూ ఉన్న నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగి ఉంటుంది. అది సముద్రమట్టం దగ్గరి మాట. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి ఆ మేరకు తక్కువ, కాబట్టి మన దగ్గర 7.7 అనుకోవచ్చు. పక్కన హద్దులో ఉన్న సీసాన్ని పెట్టండి: 0.01. బరువులో ఆక్సిజన్ 770 రెట్లు. కానీ ఎలక్ట్రోడ్‌కు బరువుతో పని లేదు, ఎన్ని వచ్చి తగిలాయన్నదే లెక్క. సీసం పరమాణువు బరువైనది, ఆక్సిజన్ అణువు తేలికైనది. ఆ లెక్కన ఒక్క సీసం అయానుకు దాదాపు 5,000 ఆక్సిజన్ అణువులు. పైగా సీసం రెండు ఎలక్ట్రాన్లు తీసుకుంటే, ఆక్సిజన్ పూర్తిగా నీరుగా మారేసరికి నాలుగు తీసుకుంటుంది. సీసాన్ని ముందు పోగుచేసుకుంటాం కాబట్టే ఈ కొలత అసలు సాధ్యమవుతోంది. ఆక్సిజన్ అలా ఎలక్ట్రోడ్ మీద పేరుకోదు.

ఆ నాలుగు ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ ఒకేసారి తీసుకోదు. పాదరసం మీద మొదటి మెట్టులో రెండు తీసుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. ఆ మెట్టు సున్నాకు కొంచెం దిగువనే మొదలవుతుంది. రెండో మెట్టులో పెరాక్సైడ్ మరో రెండు తీసుకుని నీరవుతుంది, అది మైనస్ 0.9 వోల్టు ప్రాంతంలో. ఇప్పుడు లోహాల స్థానాలను దీని పక్కన పెట్టి చూడండి. సీసం, కాడ్మియం మొదటి మెట్టు మీద కూర్చున్నాయి. జింకు రెండో మెట్టులో ఇరుక్కుంది. ఈ పద్ధతిలో మనకు కావలసిన లోహాల్లో ఆక్సిజన్ నీడ పడనిది దాదాపు లేదు.

ఇది కొత్తగా బయటపడ్డ చిక్కు కాదు. 1922లో ప్రేగ్‌లో యారొస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ బొట్లుబొట్లుగా రాలే పాదరసాన్ని ఎలక్ట్రోడ్‌గా వాడి పోలరోగ్రఫీకి పునాది వేశారు. దానికి 1959లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటినుంచీ ఆ పద్ధతి నేర్చుకునేవారి మొదటి పాఠం ద్రావణంలోంచి ఆక్సిజన్‌ను వెళ్లగొట్టడమే. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో పోలరోగ్రఫీ మీద ఏళ్ల తరబడి పని జరిగింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు జి. గోపాలరావు గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఫెర్రస్ ఇనుముతో యురేనియాన్ని టైట్రేట్ చేసే పద్ధతిని సహచరుడితో కలిసి 1962లో ప్రచురించారు. ఆ మాధ్యమంలో ఫెర్రస్ ఇనుము గాలి తగిలితే చెడిపోతుంది. తెలుగు నేల మీద విశ్లేషణ రసాయన శాస్త్రం నేర్చుకున్న తరాలకు గాలిని దూరంగా ఉంచడం చేతికి వచ్చిన విద్య. సైబరాబాద్‌లో సెన్సర్లు చేస్తున్న కొత్త తరం ఆ చేతివిద్యను కూడా అందుకోవాలని నా గట్టి కోరిక.

ఎందుకంటే సాఫ్ట్‌వేర్ నేపథ్యం ఉన్నవారికి ఇక్కడ వెంటనే తట్టే ఉపాయం ఒకటుంది: ముందు ఖాళీ బఫర్‌ను కొలుద్దాం, ఆ గ్రాఫును దాచుకుందాం, నీటి గ్రాఫులోంచి కోడ్‌తో తీసేద్దాం. కూకట్‌పల్లి రైతుబజారులో ఖాళీ గంపను ముందు తూచి, ఆ బరువు మినహాయించి కూరగాయల లెక్క కట్టినట్టు. కానీ గంప కూరగాయలను తినదు. ఆక్సిజన్ సీసాన్ని తింటుంది. ఈ అధ్యాయంలో ఒక్క సంగతి మాత్రమే మీకు గుర్తుండాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను: ఆక్సిజన్ తన కరెంటును లోహపు కరెంటుకు కలిపి ఊరుకోదు, లోహపు కరెంటునే మార్చేస్తుంది.

ఎలాగంటే, ఎలక్ట్రోడ్ మీద పేరుకున్న కాడ్మియం, సీసం, జింకు తాజా లోహాలు. వోల్టేజిని వెనక్కి తిప్పే సమయంలో పక్కనే కరిగివున్న ఆక్సిజన్ ఆ లోహంలో కొంత భాగాన్ని రసాయనికంగా ఆక్సీకరించి నీటిలోకి పంపేస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు మీ తీగలోకి రావు, ఆక్సిజన్‌కు పోతాయి. పీక్ పొట్టిదవుతుంది. ఎంత పొట్టిదవుతుందన్నది ఆ రోజు నీటిలో ఆక్సిజన్ ఎంతుంది, మీరు వోల్టేజిని ఎంత మెల్లగా తిప్పారు, ద్రావణం కదులుతోందా లేదా అన్నవాటి మీద ఆధారపడుతుంది. పోగుచేసే దశలో ఇంకొకటి జరుగుతుంది. ఆక్సిజన్ క్షయకరణం చెందేటప్పుడు హైడ్రోజన్ అయాన్లను వాడేసుకుంటుంది, దాంతో ఎలక్ట్రోడ్‌ను అంటుకుని ఉన్న పలుచని నీటి పొర క్షారంగా మారుతుంది. బీకరులో పీహెచ్ మీటరు మామూలుగానే చూపిస్తుంది, కానీ ఎలక్ట్రోడ్ ముఖం దగ్గర లోహం హైడ్రాక్సైడ్‌గా విరిగి ఎలక్ట్రోడ్‌ను చేరకుండానే ఆగిపోతుంది. బఫర్ లేని కుళాయి నీటిని నేరుగా కొలవాలని చూసేవారికి ఇది బాగా తగిలే దెబ్బ. ఈ రెంటినీ తీసివేతతో సరిచేయలేం. వేల గ్రాఫులతో మోడల్‌కు శిక్షణ ఇచ్చినా, ఆ గ్రాఫులన్నీ ఒకే ఏసీ గదిలో ఒకే ఆక్సిజన్‌తో తీసినవైతే, అది నేర్చుకున్నది ఆ గది వరకే.

కాబట్టి బీకరులోనే పని మొదలుపెట్టాలి. అందరూ వాడే దారి నైట్రోజన్. 10 మిల్లీలీటర్ల ద్రావణంలో సన్నని బుడగలుగా అయిదు నుంచి పది నిమిషాలు పంపితే ఆక్సిజన్ దాదాపుగా వెళ్లిపోతుంది. సిలిండర్ నైట్రోజన్ 99.999 శాతం శుద్ధిదైతే మంచిది. గ్యాస్‌ను ముందు ఇంకో సీసాలోని అదే బఫర్ గుండా పంపి తడిపితే, మీ ద్రావణం ఆవిరై చిక్కబడదు. కొలిచేటప్పుడు బుడగలు ఆపేయాలి, లేకపోతే గ్రాఫు వణుకుతుంది. కానీ గ్యాస్‌ను పూర్తిగా కట్టేయకూడదు, ద్రావణం పైన మెల్లగా పారుతూ కప్పులా ఉండాలి. ఆర్గాన్ గాలికంటే బరువు కాబట్టి ఆ కప్పుకు ఇంకా బాగుంటుంది, ఖర్చు మాత్రం ఎక్కువ. లోహం ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్ ద్రావణం ఒక్కో బొట్టు కలిపిన ప్రతిసారీ ఆ బొట్టు తనతో ఆక్సిజన్ తెస్తుంది. అర నిమిషం మళ్లీ బుడగలు పంపండి.

గొట్టం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఖరీదైన గ్యాస్ ఇక్కడే వృథా అవుతుంది. మెత్తగా, చూడటానికి శుభ్రంగా ఉండే సిలికోన్ గొట్టం గోడల్లోంచి ఆక్సిజన్ సులువుగా లోపలికి చొరబడుతుంది. సిలిండర్‌లో ఎంత శుద్ధమైన గ్యాస్ ఉన్నా, రెండు మీటర్ల సిలికోన్ గొట్టం దాటేసరికి దాంట్లోకి గాలి చేరి ఉంటుంది. రాగి గొట్టం గానీ స్టీలు గొట్టం గానీ వేయండి, వంగాల్సిన చోట మాత్రమే పొట్టి ప్లాస్టిక్ ముక్క.

బుడగలు చాలినంత సేపు పంపారా లేదా అన్నది గడియారాన్ని అడగకండి, గ్రాఫును అడగండి. లోహం ఏమీ కలపని బఫర్‌లో సున్నా నుంచి మైనస్ 1.1 వోల్టు దాకా తిప్పి చూస్తే ఆక్సిజన్ రెండు మెట్లూ కనిపిస్తాయి. రెండు నిమిషాల బుడగల తర్వాత మళ్లీ తిప్పండి, అవి కుంచించుకుపోతాయి. వరుసగా రెండు గ్రాఫులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడిననాడు మీ గాజు పాత్రకు, మీ గొట్టానికి కావలసిన సమయం ఎంతో మీకు తెలిసినట్టు. ఇది అరగంట పని. ఈ అరగంట పెట్టకుండా వచ్చిన సీసం అంకెను ఎవరికీ చూపించవద్దు.

ఇంకో జాగ్రత్త ప్రాణానికి సంబంధించినది. నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు. కిటికీలు బిగించిన చిన్న ఏసీ గదిలో సిలిండర్ లీకైతే గదిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. సిలిండర్‌ను గొలుసుతో గోడకు కట్టండి, గదిలోకి గాలి వచ్చే దారి ఉంచండి, అపార్ట్‌మెంట్ పడగ్గదిని ప్రయోగశాల చేయకండి.

రసాయనంతో ఆక్సిజన్‌ను మింగించడం ఇంకో దారి. క్షార ద్రావణంలో సోడియం సల్ఫైట్ ఆ పని చేస్తుంది. 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌కు లెక్క ప్రకారం 63 మిల్లీగ్రాములు సరిపోతుంది. ఆమ్లంలో మాత్రం దాన్ని వేయకూడదు. అది సల్ఫర్ డయాక్సైడ్‌గా మారి తానే ఎలక్ట్రోడ్ దగ్గర ఒక మెట్టు వేస్తుంది, అదీ సీసం పరిసరాల్లోనే. ఆమ్లంలో ఆస్కార్బిక్ ఆమ్లం నయం, కానీ నెమ్మది. ఏది వేసినా ఆ పొడిలోనే సీసం మలినంగా ఉండవచ్చు. అందుకని పొడి కలిపిన ఖాళీ బఫర్‌ను విడిగా కొలిచి చూశాకే నీటి జోలికి వెళ్లాలి. నా మటుకు నేను ఈ దారిని రెండో వరసలోనే ఉంచుతాను.

నైట్రోజన్ బుడగలు సహజమైన నీటికి చేసే ఒక మార్పు చాలామంది గమనించరు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. బోరు నీళ్లలో బైకార్బొనేట్, కరిగిన కార్బన్ డయాక్సైడ్ బాగా ఉంటాయి. బుడగలు ఆక్సిజన్‌తో పాటు ఆ కార్బన్ డయాక్సైడ్‌నూ లాక్కుపోతాయి. పీహెచ్ పైకి లేస్తుంది, లోహాలు కార్బొనేట్లతో జతకట్టి రూపం మార్చుకుంటాయి. పీహెచ్ 4.5 దగ్గర అసిటేట్ బఫర్ ముందే కలిపితే ఈ బాధ ఉండదు. బోరు నీళ్లతో ఇంకో చిక్కు, ఇది గ్యాస్ సిలిండర్ దాకా రాకముందే మొదలవుతుంది. లోతైన బోరులో ఆక్సిజన్ తక్కువగా ఉండి ఇనుము ఫెర్రస్‌గా కరిగి ఉంటే, పైకి వచ్చి గాలి తగలగానే అది తుప్పు రంగు మడ్డిగా దిగుతుంది. దిగుతూ సీసాన్ని, ఆర్సెనిక్‌ను తనతో లాక్కుపోతుంది. సీసాలో అడుగున మడ్డి, పైన తేట నీరు. తేటను కొలిస్తే సీసం తక్కువ చూపిస్తుంది. మొత్తం లోహం ఎంతో తెలియాలంటే నీళ్లు పట్టిన చోటే నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కంటే కిందికి తేవాలి, బఫర్ కలిపే ముందు దాన్ని మళ్లీ సరిచేసుకోవాలి.

ఇక చెరువు నీళ్లు. మీ ఆఫీసు కిటికీలోంచి దుర్గం చెరువు కనిపిస్తూ ఉంటే, 2020లో తీగల వంతెన కట్టాక అక్కడికి నడక కోసం వెళ్తూ ఉంటే, ఒక సీసా నీళ్లు తెచ్చి కొలవాలని తప్పకుండా అనిపిస్తుంది. నాచు పచ్చదనం నిండిన నగరపు చెరువుల్లో ఆక్సిజన్ రోజంతా ఒకేలా ఉండదు. మధ్యాహ్నం ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి అది సంతృప్త స్థాయిని కూడా మించవచ్చు. రాత్రి నాచు, బాక్టీరియా కలిసి దాన్ని వాడేసుకుంటాయి కాబట్టి తెల్లవారేముందు బాగా పడిపోతుంది. ఒకే చెరువు, ఒకే సీసం, కానీ ఆక్సిజన్ తీయకుండా కొలిస్తే పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె. రాత్రి ఎవరో చెరువులోకి ఏదో వదిలారన్న కథ అల్లుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? పటాన్‌చెరు వైపు నక్కవాగు పరిశ్రమల వ్యర్థాలతో పాడైన నిజమైన చరిత్ర మన కళ్లముందే ఉంది. నిజమైన కాలుష్యాన్ని నిలదీయాలంటే మన అంకెకు ఇలాంటి కంత ఉండకూడదు.

ఎండాకాలంలో ఉష్ణోగ్రత కూడా ఆటాడిస్తుంది. సముద్రమట్టం లెక్కన 20 డిగ్రీల నీటిలో 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 35 డిగ్రీల దగ్గర 6.9 మాత్రమే పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన నమూనా ఇంకా ఎక్కువ కరిగించుకుని ఉంటుంది. దాన్ని తీసి వెంటనే కొలిస్తే, గది వేడికి ఆ అదనపు గాలి బుడగలుగా విడిపోయి సరిగ్గా ఎలక్ట్రోడ్ మీదే అంటుకుంటుంది. మూడు మిల్లీమీటర్ల ప్రింటెడ్ ఎలక్ట్రోడ్‌కు ఒక్క బుడగ చాలు, పావు వంతు ముఖం మూసుకుపోవడానికి. నమూనాను గది ఉష్ణోగ్రతకు రానిచ్చి, మెల్లగా తట్టి, అప్పుడు కొలవండి.

ఇదంతా ల్యాబు బల్ల దగ్గర సరే, వంటింట్లో వాడే పరికరానికి నైట్రోజన్ సిలిండర్ ఎక్కడ తెస్తాం అని మీరు అడగవచ్చు. తేలేం. అక్కడ ఆక్సిజన్‌ను తీయకుండా దాని నోరు కట్టే పద్ధతి ఎంచుకోవాలి. వోల్టేజిని నేరుగా తిప్పకుండా చదరపు తరంగంతో తిప్పితే, అంటే స్క్వేర్ వేవ్ వోల్టామెట్రీ వాడితే, ప్రతి మెట్టులో ముందుకూ వెనక్కూ వెళ్లిన కరెంట్ల తేడానే లెక్కకు వస్తుంది. సీసం రెండు దిశల్లోనూ చురుగ్గా మారుతుంది, అందుకే దాని తేడా పెద్దది. ఆక్సిజన్ చర్య వెనక్కి తిరగదు కాబట్టి దాని తేడా చిన్నది. పైగా తిప్పడం కొన్ని సెకన్లలో ముగుస్తుంది కాబట్టి పేరుకున్న లోహాన్ని ఆక్సిజన్ తినే వ్యవధి కూడా తగ్గుతుంది. 25 హెర్ట్‌జ్, 25 మిల్లీవోల్టుల ఎత్తు, 4 మిల్లీవోల్టుల మెట్టుతో మొదలుపెట్టి మీ ఎలక్ట్రోడ్‌కు తగ్గట్టు సర్దుకోండి. పాదరసం ఇంట్లోకి రాకూడదు. పాదరసం వాడకాన్ని అరికట్టే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది కూడా. 2000లో జోసెఫ్ వాంగ్, ఆయన సహచరులు కార్బన్ మీద బిస్మత్ పొరతో ఇదే కొలత చేసి చూపించారు. బిస్మత్ హాని విషం కాదనదగినంత తక్కువ, కరిగిన ఆక్సిజన్‌కు పెద్దగా చలించదు. రాగిని కొలవడానికి మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే రాగి పీక్ వచ్చేచోట బిస్మత్తే కరిగిపోతుంది.

సిలిండర్ లేని పరికరంలో ఆక్సిజన్‌ను తగ్గించలేకపోయినా సమానం చేయవచ్చు. స్టాండర్డ్‌నూ నమూనానూ ఒకే రకం సీసాలో సగం నింపి, మూత బిగించి, ఒక నిమిషం గట్టిగా కుదిపి, ఒకే ఉష్ణోగ్రతకు తెస్తే రెండిట్లోనూ గాలి ఒకే మోతాదులో ఉంటుంది. అప్పుడు ఆక్సిజన్ తినే వాటా రెండిట్లోనూ దాదాపు ఒకటే. మరిగించి చల్లార్చిన నీటితో స్టాండర్డ్ చేసి, చెరువు నీళ్లను అలాగే కొలిస్తే ఈ సమానత్వం పోతుంది. ఇంతా చేశాక కొన్ని నమూనాలను ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపి ఐసీపీ-ఎంఎస్ అంకెతో పోల్చుకోవాలి. ఆ యంత్రం ప్లాస్మాలో లోహాన్ని పరమాణువులుగా విడగొట్టి లెక్కిస్తుంది, కరిగిన ఆక్సిజన్‌తో దానికి నిమిత్తం లేదు. అందుకే అది మంచి సాక్షి.

మనల్ని ఇంత ఇబ్బంది పెడుతున్న ఈ కరెంటే ఇంకొకరికి జీవనాధారం. అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ ఎలక్ట్రోడ్‌కు ఆక్సిజన్ వంటి వాయువులను మాత్రమే రానిచ్చే పలుచని పొర తొడిగి, 1956లో ఆక్సిజన్ మీటరును ప్రకటించారు. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికీ, చెరువులో చేపలు బతుకుతాయో లేదో తేల్చడానికీ ఆ సూత్రమే వాడుతున్నారు. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతుంది. మీ పొటెన్షియోస్టాట్‌కు ఆ కొలత కూడా చేతనవుతుంది. సీసం పరికరంలోనే ఆక్సిజన్ కొలిచే రెండో ఎలక్ట్రోడ్ పెట్టండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, కానీ ప్రతి సీసం అంకె పక్కన ఆ క్షణంలో ఆక్సిజన్ ఎంతుందో నమోదవుతుంది.

మీ డేటాబేస్ పట్టికను ఈ రోజే తెరిచి, సీసం గడి పక్కన నాలుగు గడులు చేర్చండి: నీటి ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్, నైట్రోజన్ పంపిన సమయం లేదా సీసా కుదిపిన సమయం, అదే రోజు తీసిన ఖాళీ బఫర్ గ్రాఫు. ఆ నాలుగూ నిండని రీడింగును యాప్ తెర మీదికి రానివ్వకండి.